పాతకాలం ఇటలీ మిడ్‌ఫీల్డర్ అంటే నేను గ్విదో ఆరా పేరే చెప్తాను

"పిర్లో, రివెరా లాంటి పేరున్న ఇటలీ ఆటగాళ్ల కంటే చాలా ముందు, 1910 ప్రాంతంలో అక్కడ చెప్పుకోదగ్గ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. ఉన్నాడు, గ్విదో ఆరా. అతని పేరు నాకు తెలిసింది రైలు పుణ్యాన.

తూరినో (ట్యూరిన్)లో ఎమ్మెస్ చేసే రోజుల్లో మిలానో (మిలన్) వెళ్తుంటే దారిలో వెర్చెల్లి అనే ఊరొచ్చేది. మే నెలలో పట్టాలకు రెండువైపులా నీళ్లు నిలిపిన వరిమళ్లే. మాది గోదావరి డెల్టా. ఆ నీళ్లు చూస్తే కాలు ఆగేది కాదు. ఒక ఆదివారం దిగిపోయాను. రాజ్మా లాంటి గింజలు, సలామీ వేసి వండే పనిస్సా అనే అన్నం తిని, ఊరి జట్టు ప్రో వెర్చెల్లి మ్యాచ్‌కి వెళ్లాను. మూడో డివిజన్ ఆట, సగం సీట్లు ఖాళీ. పక్కన కూర్చున్న పెద్దాయన ఏడు వేళ్లు చూపించాడు. స్కోరేమో అనుకున్నా. కాదు, ఏడుసార్లు ఇటలీ చాంపియన్లట!

అది నిజమే. 1908 నుంచి 1913 మధ్యే ఐదు టైటిళ్లు, తర్వాత 1921, 1922ల్లో మరో రెండు. 1888లో ఆ ఊళ్లోనే పుట్టిన ఆరా ఆ జట్టు నడుముభాగం. అప్పట్లో ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌లు (ఇప్పటి మిడ్‌ఫీల్డర్ల లాంటివాళ్లు), ఐదుగురు ఫార్వర్డ్‌లు. ఆరా, మిలానో, లియోనె అనే ముగ్గురు హాఫ్‌ల పేర్లు ఇప్పటికీ కలిపే చెప్తారు. నేను కాలేజీ టీమ్‌లో హాఫ్ ఆడినవాణ్ని. ఐదుగురు ముందుకెళ్లిపోయాక బంతి పోతే వెనక్కి పరిగెత్తాల్సిన గతి ఎవరిదో నాకు బాగా తెలుసు.

ఇక 1910 గొడవ చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. లీగ్‌లో మిలన్ క్లబ్ ఇంటర్‌తో పాయింట్లు సమానమై టైటిల్ తేల్చడానికి ఏప్రిల్ 24న ప్లేఆఫ్ మ్యాచ్ పెట్టారు. తమ ఆటగాళ్లలో కొందరికి అప్పుడే మిలిటరీ టోర్నమెంట్ ఉంది, తేదీ మార్చమని ప్రో వెర్చెల్లి అడిగితే వినలేదు. క్లబ్‌కి ఒళ్లు మండి నాలుగో టీమ్ పిల్లల్ని దింపింది. 10-3తో ఓడారు. పైగా క్లబ్‌కి సస్పెన్షన్. దాంతో ఆ మే నెలలో ఫ్రాన్స్‌తో ఇటలీ ఆడిన తొట్టతొలి అంతర్జాతీయ మ్యాచ్‌లో ఆ క్లబ్ వాళ్లు ఒక్కరూ లేరు. నన్నడిగితే తేదీ మార్చకపోవడం మొండితనం, పిల్లల్ని దింపడం అంతకు మించిన మొండితనం.

ఆరా 1911 నుంచి 1920 దాకా దేశానికి 13 మ్యాచ్‌లు ఆడి కొట్టింది ఒకే గోల్. అదీ ఎప్పుడంటే, 1913 మే 1న తూరినోలో బెల్జియం మీద. 1-0తో గెలిచిన ఆ ఇటలీ జట్టులో పదకొండు మందిలో తొమ్మిది మంది ప్రో వెర్చెల్లి వాళ్లే! ఒక చిన్న వరి ఊరు నుంచి.

తర్వాత కోచ్ అయ్యాడు. 1934-35లో ఫియోరెంటినా క్లబ్ లీగ్‌లో మూడో స్థానం తెచ్చుకున్నప్పుడు కోచ్ అతనే, రోమా క్లబ్‌కీ పనిచేశాడు. "ఫుట్‌బాల్ ఆడపిల్లల ఆట కాదు" అనే మాట కూడా అతని పేరు మీదే చెలామణి అవుతోంది. 2022 నుంచి ఇటలీలో మహిళల లీగ్ కూడా ప్రొఫెషనలే, కాబట్టి ఆ మాటను వదిలేద్దాం.

పిర్లోతో పోల్చమంటే మాత్రం నా వల్ల కాదు. ఆరా ఆట వీడియో ఒక్కటీ నేను చూడలేదు.