ఇంటికి తాళం వేయకు బిడ్డా

బిడ్డా,

జైల్లో ఉన్న అన్నను పెరోల్ మీద, అంటే కొన్నాళ్ల సెలవు మీద, ఇంటికి తీసుకురావడానికి నువ్వే కాగితాలు పట్టుకుని తిరుగుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో మగవాళ్లే వెనకాడే పనికి నువ్వు దిగావని గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది, నిద్ర పట్టక రాస్తున్నా.

అర్జీ చర్లపల్లి జైలు సూపరింటెండెంట్‌కు పెట్టు. బాపు ఆపరేషన్ కాగితాలు జతచెయ్. లాయర్‌కు డబ్బుల్లేవని ఆగకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. హన్మకొండ కోర్టులో న్యాయసేవాధికార సంస్థను అడుగు, లేదంటే 15100కు ఫోన్ చెయ్.

అసలు గండం అర్జీ పెట్టాక ఉంటుంది. మనిషిని వదిలితే ఊళ్లో గొడవలవుతాయా, మళ్లీ జైలుకు వస్తాడా అని పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారు.

2008లో మీ పెద్దబాపు వరంగల్ జైల్లోనే ఉన్నాడు (2021లో కూల్చేశారు కదా, ఆ జైలే). నా బిడ్డ, అదే మీ అక్క పెళ్లికి ఆయన రావాలని పెరోల్ అర్జీ పెట్టాను. ఆయన వస్తే సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అదే బెల్లం, ఇస్తానని మొక్కి, వచ్చేదాకా ఆగలేక ముందే తీర్చేద్దామని పిల్లలతో మేడారం పోయాను. పోలీసులంతా జాతర బందోబస్తులో ఉంటారు, ఇప్పుడు విచారణకు ఎవరొస్తారులే అనుకున్నా. నా తెలివి అంత. కానిస్టేబుల్ వచ్చాడు, తాళం చూశాడు, పక్కింటాయనను అడిగాడు. పొలం గట్టు మీద మూరెడు జాగా కోసం మాతో మాటలు మానేసిన మనిషి ఆయన. 'వీళ్లెక్కడుంటారో ఎవరికెరుక, అతనొస్తే ఊళ్లో లొల్లే' అన్నాడట. రిపోర్టులో అదే ఎక్కింది. ప్రసాదం బెల్లం ఇంకా సంచిలోనే ఉంది, పెరోల్ లేదని కబురొచ్చింది. కన్యాదానం పీటల మీద మీ చిన్నబాపు, చిన్నమ్మ కూర్చున్నారు. నేను స్తంభం చాటున నిలబడ్డాను.

నీకూ తాళం వేసి తిరిగే అలవాటుంది, మానుకో. ఇరుగుపొరుగుతో ఇప్పుడే మంచిగా మాట్లాడు, పాత పగలు తర్వాత చూసుకోవచ్చు.

పెరోల్ హక్కు కాదంటారు, నిజమే. కానీ జైల్లో పడ్డంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లో విశాఖ జైలు ఖైదీల కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. కారణం చెప్పకుండా కాదంటే హైకోర్టుకు పోవచ్చు. అప్పుడు నాకిది చెప్పేవాళ్లు లేరు.

వాడొచ్చాక ఇంకో రెండ్రోజులుండమని మాత్రం ఏడవకు. బయట గడిపిన రోజులు శిక్షలో కలవవు. గడువు రోజు పొద్దున్నే కాజీపేటలో రైలెక్కించు.

బాపును ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు కూడా ఇంట్లో మనిషి ఉండాలి. ఎవరూ దొరక్కపోతే చెప్పు, మొదటి బస్సుకే వచ్చి మీ గడపలో కూర్చుంటా.

మీ పెద్దమ్మ