తాత పద్యాల ఫైళ్లు కోసే ముందు

చిరంజీవి అబ్బయ్యకి,

కావలి నుంచి పెదనాయన ఆశీస్సులు. తాత నాటక పద్యాల ఫైళ్లన్నీ ఒకచోట చేర్చావని, ముందూ వెనకా ఉన్న ఖాళీ కోసేసి ఒంగోలులో మనవాళ్లందరికీ పెన్‌డ్రైవ్‌లో ఇస్తానని రాశావు. చాలా సంతోషం. కానీ ఆ కోసే పని సాఫ్ట్‌వేర్‌కి వదిలేయొద్దు నాయనా.

ముందు ఏ ఫైలు ఉంచాలో తేల్చుకో. ఒకే పద్యం క్యాసెట్ నుంచి ముగ్గురు మూడు రకాలుగా ఎంపీ3లోకి ఎక్కించారు కదా, ఒక్కొక్కటి ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో అనే ప్రోగ్రాంలో తెరిచి చూడు. రైటింగ్ లైబ్రరీ అనే చోట లేమ్ (ఎంపీ3 తయారుచేసే ఎన్‌కోడర్) 3.100 అని ఉంటే అది 2017కి ముందు చేసింది కాదు. ఏమీ లేకపోయినా టెన్షన్ పడకు, కొన్ని ఎన్‌కోడర్లు పేరు రాయవు. బిట్‌రేటు (సెకనుకి ఎన్ని కిలోబిట్లో చెప్పే అంకె) 320 అని చూసి మాత్రం మురిసిపోవద్దు. 128లో చేసినదాన్ని మళ్లీ 320లో సేవ్ చేసినా అంకె అదే చూపిస్తుంది, పోయిన శబ్దం తిరిగిరాదు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో శబ్దం ఎంత ఉందో చూపే బొమ్మ) పెట్టి చూడు. టేపు సొద పైదాకా పలచబడుతూ పోవాలి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు తెగిపోతే అది దాదాపుగా 128 నుంచి వచ్చిందే.

ఇక కోత. క్యాసెట్‌లో పూర్తి మౌనం ఉండదు. ఇంతకంటే చిన్న శబ్దమైతే మౌనమేనని సాఫ్ట్‌వేర్‌కి చెప్పే హద్దు మైనస్ 60 డెసిబెల్ పెడితే సొద వల్ల మౌనమే దొరకకపోవచ్చు. మైనస్ 40కి తెస్తే హార్మోనియం శ్రుతి మొదలయ్యే చోటు, రాగం సన్నబడి ఆగే చోటు ఎగిరిపోతాయి. తాత రాగం దించే తీరు వినాలనే కదా మనవాళ్లు అడుగుతున్నది! పద్యం ఆగాక జనం వన్స్ మోర్ అని అరిచేలోపు ఉన్న ఆ రెండు క్షణాలు కూడా ఉంచు. ప్రతి ఫైలూ చెవులతో విని చేత్తో కొయ్యి.

ఎంపీ3ని ఆడాసిటీలో కోసి సేవ్ చేస్తే మళ్లీ ఎన్‌కోడ్ అయి నాణ్యత ఇంకొంచెం పోతుంది. ఎంపీ3డైరెక్ట్‌కట్ అనే ప్రోగ్రాం అయితే మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఫ్రేముల దగ్గరే కోస్తుంది. ఒక ఫ్రేమంటే ఎంపీ3లోని ఒక చిన్న ముక్క, 1152 శాంపిళ్లు (శబ్దం కొలతలు), సుమారు 26 మిల్లీసెకన్లు, మనకి అది చాలు. ఒకే సీను రెండు ఫైళ్లయి మధ్యలో చిన్న తుంపు వినపడితే మాత్రం కొయ్యకు. అది ఎన్‌కోడర్ కలిపిన ఖాళీ, ఎంత కలిపిందో లేమ్ ట్యాగులో (ఫైలు మొదట్లో లేమ్ రాసే వివరాల్లో) రాసి ఉంటుంది. ఆ ట్యాగు చదివే ప్లేయర్లు దాన్ని వాటంతటవే దాటేస్తాయి. కోస్తే ఆ లెక్క తప్పిపోతుంది.

పాత ఫైలు ఒక్కటీ డిలీట్ చేయకు, వేరే ఫోల్డర్‌లో పెట్టు. క్యాసెట్లు కొన్ని నా బీరువాలో ఉన్నాయి. ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్లి, డెక్ హెడ్ శుభ్రంగా తుడిచి, వేవ్ (కుదించని ఆడియో) ఫైలులోకి ఎక్కించు. కోత అక్కడే చేసుకుని ఎంపీ3 చివర్లో చెయ్యి.

మీ పెదనాయన