టెక్ సందేహాలు: షెడ్డులో కనిపించని జర్కును ఫోనుతో పట్టడం

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు నుంచి విజయవాడకు సరుకు తోలే డీజిల్ పికప్ ట్రక్కు మాది, 2018 మోడల్. రెండు నెలలుగా లోడుతో వారధి ఎక్కేటప్పుడు ఇంజిన్ ఉన్నట్టుండి జర్కులు ఇస్తోంది. ఆటోనగర్‌లో చూపిస్తే అక్కడ నిక్షేపంగా నడుస్తుంది. డీజిల్ ఫిల్టర్ మార్చాను. ఇప్పుడు ఇంజెక్టర్లన్నీ మార్చాలంటున్నారు. బండి కంప్యూటరు నమోదు చేసిన లోపాలను ఫోనుకు పంపే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ కొని చూస్తే పీ0087 అనే లోపం కోడు వచ్చింది. తుడిచేస్తే మళ్లీ వచ్చింది. నమ్మవచ్చా?

జవాబు: కోడును నమ్మండి. ఇంజెక్టర్లకు మాత్రం అప్పుడే డబ్బు కట్టకండి.

కామన్ రైలులో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో, డీజిల్ పీడనం ఉండవలసినంత లేదని పీ0087 చెబుతుంది. ఎందువల్ల అన్నది చెప్పదు. ట్యాంకులోని జాలీ పూడుకున్నా, పైపు గాలి పీల్చినా, ఫిల్టరులో నీరు చేరినా, పంపు అరిగినా, పీడనం కొలిచే సెన్సరే తప్పినా, ఇంజెక్టరు డీజిల్‌ను ఎక్కువగా వెనక్కి వదిలినా ఇదే కోడు రావచ్చు. ఇన్ని అనుమానాలుండగా అన్నిటికన్నా ఖరీదైనదాన్ని ముందు మార్పించడం అన్యాయం.

కోడును ఇకపై తుడవకండి. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం, వేడి, లోడు ఎంతో ‘ఫ్రీజ్ ఫ్రేమ్’లో ఉంటాయి. కోడుతోపాటు అవీ చెరిగిపోతాయి. వాటి ఫొటో తీసి పెట్టుకోండి.

అసలు పని ప్రయాణంలో ఉంది. యాప్‌లో లైవ్ డేటా రికార్డింగ్ పెట్టి, లోడుతో గుంటూరు నుంచి వారధి దాకా రండి. ఫోను పక్కవారి చేతిలో ఉండాలి, మీరు నడుపుతూ చూడకండి. చవక అడాప్టర్లు నెమ్మదిగా చదువుతాయి. పది రకాల అంకెలు అడిగితే జర్కు వచ్చి వెళ్లిపోయాక చూపిస్తాయి. ఇంజిన్ ఆర్‌పీఎం, రైలు పీడనం, ఈ రెండే ఎంచుకోండి. పీడనం కిలోపాస్కల్స్‌లో కనిపిస్తే కంగారు వద్దు: 30,000 అంటే 300 బార్. ఐడిల్‌లో (బండి నిలిచి ఇంజిన్ ఊరికే నడుస్తుండగా) సుమారుగా అంతే ఉంటుంది, లోడు మీద వెయ్యి దాటుతుంది.

జర్కుకు ముందే పీడనం పడిపోతే లోపం డీజిల్ దారిలో ఉన్నట్టు. బండి గేరులో పరుగెడుతుండగా ఆర్‌పీఎం హఠాత్తుగా సున్నా చూపిస్తే ఇంజిన్ వేగాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్‌నూ దాని వైరునూ చూడండి. చక్రాలు తిప్పుతున్న ఇంజిన్ నిజంగా సున్నాకు పడదు కదా! రెండు అంకెలూ నిలకడగా ఉండి జర్కు మాత్రం వస్తే ఈజీఆర్ వాల్వును (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది), టర్బో గాలి గొట్టాలను చూపించండి.

మీ విషయంలో నా అనుమానం గాలి మీద. ఫిల్టర్ మార్చాక జర్కులు ఎక్కువయ్యాయా? చాలా బండ్లలో పంపు ట్యాంకు నుంచి డీజిల్‌ను పీల్చుకుంటుంది. ఆ దారిలో వాషరు సరిగా కూర్చోకపోతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. పైకి తడి కనిపించదు కాబట్టి ఎవరి కంటా పడదు. పంపుకు ముందు కొంతసేపు పారదర్శకమైన గొట్టం పెట్టించి చూస్తే బుడగలు తెలుస్తాయి. ఫిల్టరు అడుగున ఉన్న స్క్రూ వదిలి కాస్త డీజిల్‌ను గాజు సీసాలో పట్టండి. నీరుంటే అడుక్కు చేరుతుంది.

ఇవన్నీ సరిగా ఉంటేనే ఇంజెక్టర్ల మాట. అప్పుడు కూడా రిటర్న్ పరీక్ష అడగండి: ఒక్కో ఇంజెక్టరు నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను విడివిడి సీసాల్లో పట్టి పోలుస్తారు. మిగతావాటికన్నా ఎక్కువ నిండినదే దోషి. ఇంజిన్ నడుస్తుండగా రైలు వైపు పైపులు ఎవరినీ విప్పనివ్వకండి. ఆ పీడనంలో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ప్రశ్న: అదే రకం అడాప్టర్ నా ఐఫోనుకు కలవడం లేదు. పాడైందా?

జవాబు: బహుశా కాదు. పాత రకం బ్లూటూత్ అడాప్టర్లు ఐఫోను యాప్‌లతో పనిచేయవు. బ్లూటూత్ ఎల్‌ఈ (తక్కువ కరెంటు వాడే కొత్త రకం) లేదా వైఫై ఉన్నది తీసుకోండి. బండి ఆపాక మాత్రం దాన్ని ఊడదీయండి, బ్యాటరీని కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది.