గాంధారాన్ని గీతకు ఈడ్చకు

చి॥సౌ॥ అమ్మడికి పిన్ని ఆశీస్సులు.

పర్లాకిమిడిలో సంగీతం పాఠం గదిలో కంప్యూటరు పెట్టి, పిల్లల గొంతు తెరమీద గీతలుగా చూపిస్తావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మురిసిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి పెట్టు. ఫాను ఆపెయ్. తంబురా స్పీకర్లో మోగుతుంటే సాఫ్ట్‌వేర్ పిల్ల గొంతు వదిలేసి దాన్నే పట్టుకుంటుంది. అందుకని తంబురా ఇయర్‌ఫోన్లో, ఒక్క చెవికే. గొంతు కొలిచే సాఫ్ట్‌వేర్ ప్రాట్ (Praat) చాలు, ఉచితం కూడా. అయిదున్నర శ్రుతి ఆడపిల్లకి, అది స్వరం వెతకడానికి, కింది హద్దు 120, పై హద్దు 700 హెర్ట్జ్ ఉంచు. హద్దులు కుదరకపోతే గీత ఉన్నట్టుండి ఒక స్థాయి (స నించి పై స దాకా దూరం) ఎగిరిపడుతుంది, నువ్వేమో పిల్లని కసురుతావు. ప్రాట్ పాడుతుండగా గీత చూపదు, రికార్డయ్యాకే చూపుతుంది. మనకి కావలసిందీ అదే.

ఇక నా భయం. చాలా యాప్‌లలో స్వరాలకి అడ్డగీతలు ముందే గీసి ఉంటాయి. అవి హార్మోనియం లెక్క: స్థాయిని పన్నెండు సమభాగాలు చేసి, భాగానికి 100 సెంట్లు (స్వరాల మధ్య ఎడం కొలత). తంబురా ఆ లెక్క ఎరగదు. షడ్జం తీగలోంచి అంతర గాంధారం (పెద్ద గ) తనంతట తనే పలుకుతుంది, 386 సెంట్ల దగ్గర. తెరమీది గీత 400 దగ్గర. అయిదున్నరలో షడ్జం 207.7 హెర్ట్జ్ కదా, తంబురా గాంధారం 259.6, తెర గాంధారం 261.6. తేడా రెండే రెండు హెర్ట్జ్. ఆ రెండింటి కోసం ట్యూనర్ ముల్లుని నమ్మి ఒక మంచి గొంతుని పాడుచేశాను నేను.

ఎలాగంటే, మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠం సరళిలో గాంధారం రాగానే ముల్లు కిందుందని పైకి ఈడ్పిస్తాం. స్వరం తంబురాతో కలవక అల కొట్టుకుంటుంది. పిల్లకి అది వినపడుతుంది, దాన్ని కప్పెయ్యాలని గట్టిగా పాడుతుంది. దవడ బిగుస్తుంది, మెడనరాలు తేలతాయి. కాకలి నిషాదంలోనూ (పెద్ద ని) అంతే, తంబురాది 1088, తెరది 1100. మరి యంత్రం మీద అనుమానం ఎందుకు రాదూ అంటే, పంచమంలో తేడా 2 సెంట్లే. అక్కడ ముల్లు నిలబడుతుంది, మనం దానికి దండం పెట్టేస్తాం.

కాబట్టి ఆ అడ్డగీతలు తీసెయ్. తంబురాలో కలిసిపోయిన గాంధారం ఎప్పుడు పలికిందో అప్పటి రికార్డే ఆ పిల్లకి గీత. తోడి రాగం గాంధారం లాంటి కంపితాలకి (ఊపుతో పలికే స్వరాలకి) సగటు హెర్ట్జ్ చూడనే చూడకు. ఊపు నునుపుగా ఉందా, మెట్లు పడిందా, అంతే.

స్వరం ఎనిమిది సెకన్లు పట్టించు. ఆపగానే "పైకుందా, కిందికుందా?" అని అడుగు. జవాబు చెప్పాకే తెర తిప్పు, అదీ నాలుగుసార్లకి ఒకసారి. ప్రతిసారీ చూపిస్తే అప్పటికి బాగానే ఉంటుంది, తెర లేకపోతే మళ్లీ జారిపోతారు. గీత కిందనించి పాక్కుంటూ ఎక్కిందంటే స్వరాన్ని మనసులో వినకుండా మొదలెట్టింది. తోక వాలిందంటే ఊపిరి అయిపోయింది. స్వరం ఎత్తుతో పాటు బిగ్గరతనం గీత కూడా లేచిందంటే తోస్తోంది, వెంటనే ఆపించు.

ఒరియా మీడియం పిల్లలకి కంప్యూటరు కంటే చేతి అద్దం మేలు. బడి అలవాటుకొద్దీ అకారం గుండ్రమై "కమల" కాస్తా "కొమొలొ" అవుతుంది. ఆ పెదాలు ముడుచుకోవడం అద్దంలో ఇట్టే దొరుకుతుంది. పళ్లు బిగించడం, మెడ వంచడం కూడా. గాయకదోషాలని శాస్త్రంలో వల్లెవేయిస్తే ఏ పిల్లకి ఎక్కుతాయి గనక!

పొద్దున్నించి పాడి చూపిస్తూ నీ గొంతు నలుపుకుంటావు, నాకు తెలుసు. గంటకోసారి గోరువెచ్చని నీళ్లు తాగు. పండక్కి వచ్చేటప్పుడు పిల్లల గీతలు రెండు మూడు ప్రింటు తీయించి పట్టుకురా, కాస్త పెద్దవిగా. ఈ కళ్లజోడుతో చిన్నవి ఆనవు.

మీ పిన్ని