చెరువు బాగుచేయడానికి దిగే ముందు

అమ్మాయీ,

వచ్చే ఆదివారమే అందరూ చెరువులో చెత్త ఏరడానికి దిగుతున్నారట. కొన్నాళ్లు ఆగండి. గట్టు మీది చెత్త కంటికి ఆనుతుంది కాబట్టి అదే అసలు జబ్బులా కనిపిస్తుంది. నీళ్లను ఎక్కువగా చెడగొట్టేవి మురుగు, ఎరువు, కొట్టుకొచ్చే మన్ను. అవి వచ్చే దారి తెలియకపోతే మీ శ్రమంతా ఒక్క వానకే పోతుంది.

ముందు కాగితం మీద చెరువు గీసి, అందులో పడే ప్రతి కాలువనూ పైపునూ గుర్తుపెట్టండి. వానలేనప్పుడు ఒకసారి, వాన వెలిసీ వెలియగానే ఇంకోసారి చూడాలి. మూడు రోజులుగా చినుకు లేకున్నా పైపులోంచి నీళ్లు కారుతుంటే అది వాననీరు కాదు. మురుగైనా కలిసుండాలి, ఊటైనా అయ్యుండాలి, మంచినీటి పైపైనా పగిలుండాలి. వాసన, నురగ చూస్తే సగం తేలిపోతుంది.

తర్వాత నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లాంటి వాటి కొలతలు. నీళ్లు వచ్చేచోట, లోతున్నచోట, బయటికి పోయేచోట నెలకోసారి చూస్తే చాలు, కానీ వేళ మారకూడదు. నాచు పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా తానే పీల్చుకుంటుంది. మధ్యాహ్నం లీటరుకు 9 మిల్లీగ్రాములున్న చెరువులోనే తెల్లవారుజామున 3 ఉండొచ్చు. 5 కన్నా తగ్గితే చాలా చేపలకు కష్టమే. అందుకే పొద్దుపొడవక ముందు తీసిన కొలతే నిజం చెబుతుంది.

కాలువలో ప్రవాహానికి ఎదురుగా నిలబడి, పైనీటికి ఒక జానెడు కింద సీసా నింపండి. మామూలు సీసానైతే అదే నీటితో మూడుసార్లు తొలవాలి. బాక్టీరియా పరీక్షకిచ్చే సీసాను మాత్రం తొలవకూడదు, మూత లోపల వేలు తగలనివ్వకూడదు. దాన్ని ఐసులో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. ఆలస్యమైతే వచ్చే అంకెకు విలువ లేదు.

ఎరువు, మురుగుల నుంచి నీళ్లలో చేరే నైట్రేటు దగ్గర చాలామంది బోల్తా పడతారు. నీళ్లు పరీక్షించే కిట్లలో కొన్ని నైట్రేటుగా లెక్క చెబుతాయి, కొన్ని అందులోని నైట్రోజన్‌గా చెబుతాయి. లీటరుకు నైట్రోజన్‌గా 10 మిల్లీగ్రాములంటే నైట్రేటుగా సుమారు 44. డబ్బా మీద ఏది రాసుందో చూడకుండా ఊరందరినీ భయపెట్టకండి.

ఇక మన్ను. ఫాస్ఫరస్ ఎక్కువగా మట్టిరేణువులకు అంటుకునే వస్తుంది, కాబట్టి మన్ను ఆగితే నాచుకు మేత తగ్గుతుంది. నీళ్లు దిగే వైపు 10 మీటర్ల వెడల్పున గడ్డి పెంచండి, ఎరువు వేయొద్దు, మరీ పొట్టిగా కత్తిరించొద్దు. నీళ్లు గడ్డి మీద పలచగా పరుచుకుంటేనే ఫలితం. ఒకచోట చీలిక పడిందా, నీళ్లన్నీ అందులోంచే జారుకుంటాయి, మిగతా గడ్డి అలంకారమే. పై అంచున వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో రాళ్లు పేర్చండి. ఏటా అక్కడ పేరుకునే మన్ను ఎత్తిపోయకపోతే అదే చిన్న కట్టలా మారి నీళ్లను పక్కకు తోస్తుంది.

గుర్రపుడెక్కను మందు కొట్టి ఒక్కసారే చంపకండి. అదంతా కుళ్లి ఆక్సిజన్ లాగేస్తే చేపలు తేలతాయి. విడతలవారీగా లాగి, కుప్పను గట్టుకు దూరంగా వేయండి. గట్టు మీదే కుళ్లితే దాని సారమంతా మళ్లీ చెరువులోకే దిగుతుంది.

ఎవరి పైపు నుంచో మురుగు వస్తోందని తేలితే, అధికారుల దగ్గరికెళ్లే ముందు మూడు నెలల కొలతలు, తేదీలు, ఫొటోలు చేతిలో ఉంచుకోండి. కొలతలు రాసుకునే పుస్తకంలో ఏ అంకె తేడాగా కనిపించినా కొట్టేయొద్దు, పక్కన ఇంకోసారి కొలిచి రాయండి.