షాపులో ఒక రంగు, ఇంటికొచ్చాక ఇంకో రంగు: రాళ్ల గురించి మీ ప్రశ్నలు

పోయిన నెల కెంపుల మీద రెండు ముక్కలు రాశాక వచ్చిన మెయిల్స్‌లో దాదాపు అందరిదీ ఒకటే గోల, అక్కడ చూసిన రంగు ఇక్కడ కనపడట్లేదు అని. అందుకే ఈసారి రంగు మీద వచ్చిన ప్రశ్నలే తీసుకున్నా. కొన్నిటికి జవాబు కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ, వెకేషన్‌కి డొమినికన్ రిపబ్లిక్ వెళ్లినప్పుడు కొన్న బ్లూ అంబర్ లాకెట్ తెచ్చాడు. అక్కడ ఎండలో తీసిన ఫోటోల్లో నీలంగా ఉంది, ఇంట్లో లైటు కింద చూస్తే మామూలు తేనె రంగు. మోసపోయాడంటారా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

కంగారు పడకండమ్మా, అసలైన బ్లూ అంబర్ చేసే పనే అది (అంబర్ అంటే ఏనాటిదో చెట్టు జిగురు గట్టిపడి రాయిలా మారింది). ఇంట్లో లైటు కింద కూడా నీలంగానే ఉండుంటే అప్పుడు నాకు డౌటొచ్చేది.

మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు డాబా మీదకెళ్లి నల్ల గుడ్డ ఒకటి పరిచి దాని మీద లాకెట్ పెట్టండి. పైపైన కాస్త మసకగా ఉండే నీలం తేలుతుంది. ఇప్పుడు అదే లాకెట్‌ని చేత్తో పైకెత్తి ఆకాశానికి అడ్డం పెట్టి దాన్లోంచి చూడండి, నీలం పోయి తేనె రంగు వస్తుంది. తెల్ల కాగితం మీద పెట్టినా దాదాపు అంతే. రాయి అదే, వెలుతురూ వెనకున్న రంగూ మారాయి.

ఎందుకంటే ఆ అంబర్‌లో పెరిలీన్ లాంటి హైడ్రోకార్బన్లు ఉంటాయి, అవి ఎండలో మన కంటికి కనపడని అల్ట్రావయొలెట్‌ని పీల్చుకుని నీలం వెలుగుగా తిరిగి వదుల్తాయి, దీన్నే ఫ్లోరసెన్స్ అంటారు. ఆ అల్ట్రావయొలెట్ లోపలిదాకా పోదు, పైపొరలోనే అయిపోతుంది కాబట్టి నీలం కూడా పైపైనే ఉంటుంది. వెనక నలుపుంటే ఆ పల్చటి నీలం కంటికి ఆనుతుంది, తెలుపుంటే అడుగు నుంచి తిరిగొచ్చే పసుపు వెలుగు దాన్ని మింగేస్తుంది. ఇంట్లో ఎల్ఈడీ బల్బుల్లో అల్ట్రావయొలెట్ దాదాపు ఉండదు, ఇక నీలం ఎక్కణ్ణించి వస్తుంది చెప్పండి.

365 నానోమీటర్ల యూవీ టార్చి ఉంటే చీకటి గదిలో వేసి చూడండి, గట్టి నీలం కనిపిస్తుంది. వెలుతురుకి అడ్డం పెట్టి చూసినా లోపలంతా నీలమే ఉంటే మాత్రం అది రంగేసిందో ప్లాస్టికో అయ్యుండాలి. ఇంకో జాగ్రత్త, యూవీ కింద వెలిగింది కదా అని అసలు సరుకని తేల్చేయకండి, వయసు చాలని జిగురు, అంటే కోపల్, అదీ వెలుగుతుంది. ఖరీదు ఎక్కువ పెట్టుంటే ల్యాబ్‌లో చూపించడమే మంచిది. అన్నట్టు డొమినికన్ అంబర్‌నిచ్చిన చెట్టు హైమేనియా జాతిది, ఇప్పుడా చెట్టు లేదు గానీ మన చింతచెట్టుకి చుట్టమే, రెండూ ఒకే ఉపకుటుంబం. నాకు భలే ఇష్టమైన సంగతి ఇది.

ప్రశ్న: మా అమ్మమ్మ ఏడురాళ్ల దుద్దులు బ్లూజాగర్ వజ్రాలని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు. కొత్తగా బిగిద్దామని రాళ్లు విప్పించి ల్యాబ్‌కి పంపితే కలర్ 'జె', ఫ్లోరసెన్స్ 'స్ట్రాంగ్ బ్లూ' అని వచ్చింది. జె అంటే పసుపు ఛాయ అంటున్నారు. ఎవరిది అబద్ధం? (ఒక పాఠకుడు, రాజమండ్రి)

ఎవరిదీ కాదండీ. ఇంట్లో చెప్పిందీ నిజమే, ల్యాబ్ చెప్పిందీ నిజమే, పైన అంబర్‌లో జరిగిందే మీ దుద్దుల్లోనూ జరుగుతోంది.

దక్షిణాఫ్రికాలో యాగర్స్‌ఫోంటైన్ అని ఒక గని, అక్కడి వజ్రాల్లో కొన్ని పగటి వెలుతుర్లో లేత నీలం కొట్టేవి. ఆ పేరే మన దగ్గర జాగర్ అయింది, తర్వాత ఎక్కడి రాయైనా ఆ నీలి మెరుపుంటే బ్లూజాగర్ అనే అమ్మారు. కాబట్టి మీవి ఆ గనివేనా అంటే ఏ రిపోర్టూ చెప్పలేదు గానీ, స్ట్రాంగ్ బ్లూ అని రావడమే అమ్మమ్మ మాటకి సాక్ష్యం. వజ్రంలో పసుపు మామూలుగా నైట్రోజన్ వల్ల వస్తుంది. పగటి వెలుతుర్లోని అల్ట్రావయొలెట్‌కి రాయి నీలంగా వెలిగితే ఆ నీలం ఈ పసుపుని కొట్టేస్తుంది, రాయి తెల్లగా, ఇంకాస్త గట్టిగా వెలిగితే నీలంగా కనిపిస్తుంది. అమ్మమ్మ కాలంలో వజ్రం కొనేది పగలు, కిటికీ పక్కన కూర్చుని. వాళ్లు చూసింది వాళ్లు చెప్పారు.

ల్యాబ్‌లో చూసే పద్ధతి వేరు. విడి రాయిని తెల్లటి వీ ఆకారపు గాడిలో బోర్లా పెడతారు, మొహం కిందకి, మొన పైకి. మొహం వైపు నుంచి చూస్తే తళుకు ఎక్కువై అసలు ఛాయ కనపడదు, అందుకని పక్క నుంచి చూస్తారు. పక్కనే మాస్టర్ స్టోన్స్ ఉంటాయి, అంటే ముందే గ్రేడ్ ఖాయమైన రాళ్ల వరస, మీ రాయి వాటిల్లో ఏ రెంటి మధ్య కూర్చుంటుందో చూసి అక్షరం ఇస్తారు. డి నుంచి జెడ్ దాకా ఉన్న ఈ స్కేలు అమెరికాలోని రత్నాల సంస్థ జీఐఏ 1950ల్లో తెచ్చింది. ఏ, బీ, సీ వదిలేసి డి నుంచి ఎందుకు మొదలెట్టారంటే, అప్పటికే వ్యాపారులు ఎవరికి తోచినట్టు వాళ్లు ఏ అనీ డబుల్ ఏ అనీ వాడి ఆ అక్షరాలకి విలువ లేకుండా చేశారు. డి, ఈ, ఎఫ్ అంటే రంగు లేనివి, జి నుంచి జె దాకా దాదాపు రంగు లేనివి. మీ జె ఆ గుంపులో ఆఖరుది, బిగించాక మామూలు కంటికి పసుపని పట్టుకోవడం కష్టం. పైగా ఈ మాదిరి రాళ్లకి నీలి వెలుగు లాభమే. డి, ఈ లాంటి పై గ్రేడు రాళ్లకైతే స్ట్రాంగ్ బ్లూ ఉంటే మార్కెట్లో ధర తగ్గిస్తారు.

వజ్రాలు పెట్టే మడత కాగితం ఎప్పుడన్నా గమనించారా, లోపలి పొర చాలాసార్లు లేత నీలం ఉంటుంది, దాంట్లో రాయి ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది. కొనేటప్పుడు ఆ కాగితంలోంచి తీసి మామూలు తెల్ల కాగితం మీద పెట్టించుకోండి, అడగడానికి మొహమాటపడొద్దు.

ప్రశ్న: కెంపు ఉంగరం కొన్నాను, షాపులో ఎర్రగా వెలిగిపోయింది, ఆఫీసులో చూస్తే నల్లగా ఉంది. రిపోర్టులో పీజియన్ బ్లడ్ అని లేకపోతే కొనకూడదా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

షాపుల్లో నగల మీద పడే పసుపు స్పాట్‌లైట్లలో ఎరుపు పాలు ఎక్కువ, కెంపు దాన్నే తిరిగిస్తుంది కాబట్టి అక్కడ ఏ కెంపైనా బాగానే ఉంటుంది. ఆఫీసులో తెల్ల ఎల్ఈడీల్లో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. చీర కొనేటప్పుడు షాపు గుమ్మంలోకి తెచ్చి చూస్తాం కదా, రాయినీ అలాగే తేవాలి. పొద్దున పూట నేరుగా ఎండ పడని నీడలో ఒకసారి, ఎల్ఈడీ కింద ఒకసారి, సాయంత్రం పసుపు బల్బు కింద ఒకసారి చూసి, మూడిట్లోనూ ఓకే అనిపిస్తేనే డబ్బు కట్టండి.

రంగుని చూసేవాళ్లు మూడు ముక్కలు చేస్తారు. ఏ రంగు అనేది హ్యూ, ఎంత ముదురు అనేది టోన్, ఎంత గాఢంగా ఉంది అనేది సాచురేషన్. జీఐఏ పద్ధతిలో హ్యూలు 31, టోన్ 0 నుంచి 10 దాకా, సాచురేషన్ 6 మెట్లు. జనం ఎక్కువగా పొరబడేది టోన్ దగ్గరే, ముదురుగా ఉంటే మంచి రాయి అనుకుంటారు. మీ ఉంగరాన్ని కిటికీ దగ్గర మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి, మొహం మీద నల్ల మచ్చలు కదుల్తూ ఎక్కువ భాగం నలుపే ఉంటే టోన్ శృతి మించిందన్నమాట, దానికి ధర తగ్గాల్సిందే.

ఇంకో కారణం ఇనుము. కెంపుకి ఎరుపిచ్చేది క్రోమియం, అది ఎరుపు చూపించడమే కాక పగటి వెలుతుర్లో తనూ ఎర్రగా వెలుగుతుంది. 1960లో మొట్టమొదటి లేజర్ చేసింది కూడా ఈ గుణం పట్టుకునే, కెంపు కడ్డీతో (అది ల్యాబ్‌లో పెంచిన కెంపు). బర్మా మొగోక్ కెంపుల్లో ఇనుము తక్కువ, అందుకే నీడలో కూడా లోపల వెలుగున్నట్టుంటాయి. థాయ్‌లాండ్ గనుల కెంపుల్లో ఇనుము ఎక్కువ, అది ఆ వెలుగుని ఆర్పేస్తుంది.

పీజియన్ బ్లడ్, అంటే పావురం రక్తం లాంటి గాఢమైన ఎరుపు, అనే మాటకి ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. స్విట్జర్లాండ్‌లోని ఎస్ఎస్ఈఎఫ్, గ్యుబెలిన్ ల్యాబ్‌లు 2015లో కూర్చుని ఒక మాట మీదకొచ్చాయి, మిగతావాళ్లవి ఎవరి లెక్కలు వాళ్లవి. కాబట్టి ఆ మాట కన్నా అది రాసిన ల్యాబ్ ఏదో చూడండి, రంగు మెరుగవడానికి రాయిని వేడి (హీట్) చేశారా లేదా అనే లైను చూడండి. ఆ మాట లేనంత మాత్రాన మంచి కెంపు చెడ్డది కాదు.

పాత జడావు నగలున్నవాళ్లకి ఒక మాట. వెనక మూసేసిన బిగింపుల్లో రాయి కింద రేకు పెట్టేవాళ్లు, రంగు రేకు కూడా. పైన చూసే ఎరుపులో రాయిదెంత రేకుదెంత అనేది విప్పితే గానీ తెలీదు, విప్పితే రేకు పాడవుతుంది. అమ్మే ఉద్దేశం లేకపోతే ముట్టుకోకండి.

ప్రశ్న: పోలండ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అంబర్ దండ పంపాడు. కొన్ని పూసల్లో గుండ్రటి మెరిసే బిళ్లలున్నాయి, కొన్ని చెర్రీ ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. బిల్లు మీద 'ఏఏఏ గ్రేడ్' అని ఉంది. (ఒక పాఠకుడు, వరంగల్)

ముందు ఏఏఏ సంగతి. అంబర్ రంగుకి వజ్రాల డి–జెడ్ లాంటి ఉమ్మడి స్కేలు లేదు, ఏఏఏ అనేది అమ్మేవాడు పెట్టుకున్న పేరు, దాని మీద ఆధారపడకండి. పోలండ్‌లోనే గ్డాన్స్క్‌లో ఇంటర్నేషనల్ అంబర్ అసోసియేషన్ ఉంది, వాళ్లు రంగు బట్టి కాదు, రాయికి ఏం చేశారన్న దాన్ని బట్టి విడగొడతారు. సహజమైనది, వేడితోనో ఒత్తిడితోనో మార్చినది, ముక్కలు కలిపి నొక్కి చేసినది, అతికించినది. మీరడగాల్సిన ప్రశ్న ఇదే.

ఆ గుండ్రటి బిళ్లలు వేడి చేసినప్పుడు లోపల పడ్డ చిన్న పగుళ్లు, వాటిని సన్ స్పాంగిల్స్ అంటారు, చాలామందికి అవే అందం. ఆకుపచ్చ పూస ఆటోక్లేవ్‌లో, అంటే ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో, ఒత్తిడి, వేడి పెట్టి తెచ్చినదై ఉంటుంది, చెర్రీ ఎరుపు కూడా ఎక్కువగా అలాంటిదే. సహజంగానూ ఎరుపొస్తుంది, గాలి తగిలి ఏళ్ల మీద పైపొర ముదురుతుంది, కానీ దండలో పూసలన్నీ ఒకే ఎరుపులో ఉండవు. పాల మీగడ రంగులో మసగ్గా ఉండే పూసలుంటే వాటిల్లో రంగేమీ లేదు, కంటికి ఆనని గాలి బుడగలు వెలుతురుని చెదరగొడుతున్నాయి, అంతే. దండని సెంటుకీ హెయిర్ స్ప్రేకీ దూరంగా ఉంచండి, ఆల్కహాల్ తగిలితే మెరుపు పోతుంది.

ప్రశ్న: నర్సీపట్నం వైపు దొరికిందని ఒకాయన అలెగ్జాండ్రైట్ చూపించాడు, మా ఇంట్లో ఎల్ఈడీ కింద రంగు మారట్లేదు. (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

ఆ ప్రాంతంలో అలెగ్జాండ్రైట్, వైడూర్యం దొరికే మాట వాస్తవమే. ఈ రాయి ఎరుపునీ, నీలం కలిసిన ఆకుపచ్చనీ దాదాపు సమానంగా పోనిచ్చి మధ్యలో పసుపుని ఆపేస్తుంది, మీదపడే వెలుతుర్లో ఏది ఎక్కువుంటే అది గెలుస్తుంది. అందుకే పగలు ఆకుపచ్చ, దీపం దగ్గర ఎరుపు. చాలా ఎల్ఈడీలు ఆ రెంటికీ మధ్యలో ఉంటాయి. కొవ్వొత్తి వెలిగించి చూడండి, తర్వాత కిటికీ దగ్గర చూడండి, అప్పటికీ మారకపోతే కొనొద్దు. మారినా సరే, రంగు మారే సింథటిక్ రాళ్లు బోలెడు ఉన్నాయి, ల్యాబ్ రిపోర్టు లేకుండా డబ్బివ్వకండి.

ప్రశ్న: నీలం రాయిలో ఆకుపచ్చ ఛాయ ఉందని నేను, లేదని మావారు. ఎవరు కరెక్ట్? (ఒక పాఠకురాలు, బెంగళూరు)

ఇద్దరూ అయ్యుండొచ్చు. నీలం రాయి ఒక దిక్కు నుంచి చూస్తే నీలంగా, ఇంకో దిక్కు నుంచి ఆకుపచ్చ కలిసిన నీలంగా ఉంటుంది, సానపట్టేవాడు మంచి నీలం పైకి వచ్చేలా కోస్తాడు. ఇద్దరూ ఒకే కుర్చీలో, ఒకరి తర్వాత ఒకరు, పైనుంచి మాత్రమే చూడండి. అప్పటికీ తేడా వస్తే కళ్ల తేడా, ఎరుపు ఆకుపచ్చ సరిగా విడదీయలేకపోవడం మగవాళ్లలో చాలా ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ కంటి లెన్సు పసుపెక్కి నీలాలు మందగిస్తాయి. గ్రేడింగ్ చేసేవాళ్లు 100 హ్యూ టెస్ట్ అని ఒకటి చేయించుకుంటారు, పేరుకి 100 గానీ దాంట్లో ఉండేవి 85 బిళ్లలే, రంగు వరసలో పేర్చాలి. ఇంకోటి, కెంపులు చూసి వెంటనే నీలం చూడకండి, కాసేపు ఎరుపు చూసిన కంటికి తర్వాత చూసేదాంట్లో ఆకుపచ్చ తోస్తుంది. బూడిద రంగు కాగితం వంక కాసేపు చూసి అప్పుడు రాయి చూడండి. మీది ఉంగరమే అయితే పైనుంచి కనపడే రంగే లెక్క, పక్క నుంచి చూస్తే వచ్చే ఆకుపచ్చకి ధర పెద్దగా తగ్గదు.