తెరచాప పలకతో సముద్రంలోకి వెళ్లేవారికి

ప్రశ్న: మా అబ్బాయి రుషికొండ తీరంలో విండ్‌సర్ఫింగ్ (తెరచాప బిగించిన పలక మీద నిలబడి గాలితో సాగే ఆట) నేర్చుకుంటున్నాడు. నీళ్లు తగలగానే దానంతటదే ఉబ్బే లైఫ్ జాకెట్‌ను చాలా ఖరీదు పెట్టి కొన్నాము. నేర్పేవారు అది ఈ ఆటకు పనికిరాదన్నారట. ఇది నిజమేనా? పొద్దున్నే సముద్రం నెమ్మదిగా ఉంటుంది కాబట్టి ఆ వేళకు పంపితే భయం ఉండదు కదా?
— ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: జాకెట్ విషయంలో నేర్పేవారి మాటే సరైనది. తనంతట ఉబ్బే జాకెట్ పడవలో కూర్చుని వెళ్లేవారికి ఉపయోగపడుతుంది. నేర్చుకునే రోజుల్లో పలక మీద నిలబడే సమయం కంటే నీళ్లలో పడే సమయమే ఎక్కువ కనుక, మీ అబ్బాయి మొదటిసారి పడగానే అది ఉబ్బి కూర్చుంటుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. పడినప్పుడు తెరచాప పైన కప్పేస్తే, కొంచెం మునిగి, పక్కకు ఈది బయటికి రావాలి. బాగా ఉబ్బిన జాకెట్ మనిషిని పైకి నెట్టి ఆ తెరచాపకే అదిమిపెడుతుంది. అందువల్ల 50 న్యూటన్ల (సుమారు ఐదు కిలోల బరువును తేల్చగల) తేలే శక్తి గల, లోపల ఫోమ్ కుట్టిన పొట్టి జాకెట్‌ను ఈ ఆటకు వాడతారు. అయితే స్పృహ తప్పినవారి ముఖాన్ని నీటిపైకి తిప్పి ఉంచే గుణం దానికి లేదు కాబట్టి, అది ఈత వచ్చినవారికి, దగ్గరలో తోడు ఉన్నప్పుడు మాత్రమే సరిపోతుంది. చూపుకు ఇలాగే ఉండే ఇంపాక్ట్ వెస్ట్ దెబ్బల నుంచి కాపాడేదే గాని, తేల్చడానికి తయారైనది కాదు. దుకాణంలో ఈ తేడాను అడిగి తెలుసుకోండి. దీనితోపాటు హెల్మెట్, రాళ్లూ గవ్వలూ కోయకుండా రబ్బరు బూట్లు ఉంటే చాలు.

మీ రెండో ప్రశ్నకే నేను ఎక్కువ భయపడ్డాను. రాత్రి నేల సముద్రం కంటే త్వరగా చల్లబడుతుంది కనుక, తెల్లవారుజామున, ఒక్కొక్కప్పుడు పొద్దెక్కేవరకు కూడా, గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డున కొండలూ భవనాలూ ఆ గాలికి అడ్డు నిలవడం వల్ల తీరం దగ్గర నీరు అద్దంలా కనిపిస్తుంది. నాలుగైదు వందల మీటర్లు దాటేసరికి ఆ చాటు పోయి గాలి పెరుగుతుంది, తిరిగి రావాలంటే దానికి ఎదురు రావాలి. కొత్తవారికి అన్నిటికంటే కష్టమైన పని అదే. మీరు ప్రశాంతత అనుకుంటున్నది చాలాసార్లు ఇదే. మధ్యాహ్నం సముద్రం మీద నుంచి వీచే గాలికి ఒడ్డున కెరటాలు కాస్త పెరిగినా, అలసిపోయినవారిని అది తీరానికే తోస్తుంది. ఒడ్డుకు ఏటవాలుగా, సముద్రం వైపు నుంచి వచ్చే గాలి నేర్చుకోవడానికి మేలైనది.

గాలి వేగం రెట్టింపయితే తెరచాప మీద బలం నాలుగింతలవుతుంది. సముద్రమంతా తెల్లని నురగ తలలు కనిపిస్తున్నాయంటే గాలి 11 నుంచి 16 నాట్లకు (గంటకు సుమారు 20 నుంచి 30 కిలోమీటర్లకు) చేరిందని లెక్క. కొత్తవారు అక్కడికి ఆగాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ గాలి, కెరటాల ఎత్తు ముందుగా చెబుతుంది, చూసి పంపండి. మత్స్యకారులను వేటకు వెళ్లవద్దని హెచ్చరించిన రోజున ఇక ఆలోచించే పని లేదు.

ప్రశ్న: తీరానికి దూరంగా ఉన్నప్పుడు తెరచాప విరిగితే ఈదుకుంటూ రావచ్చా?
— ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఎంత గొప్ప ఈతగాడైనా పలకను వదలకూడదు. మునగని వస్తువు మీ దగ్గర అదొక్కటే. పైగా వెతికేవారికి నీళ్లలో తల కంటే పలక త్వరగా కనిపిస్తుంది. గాలి తక్కువైతే తెరచాపను పలక వెనుక భాగం మీద పడుకోబెట్టి, మీరు ముందు బోర్లా పడుకుని చేతులతో తోసుకుంటూ రండి. అలా కుదరకపోతే చాపను, దాన్ని నిలబెట్టే కొయ్యకు చుట్టి కట్టేయండి. అదీ కుదరకపోతే ఖరీదు చూడకుండా చాపను, కొయ్యను వదిలేసి పలకను మాత్రం ఉంచుకోండి. రెండు చేతులూ పక్కలకు చాచి నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించడం అంతర్జాతీయ ఆపద సంకేతం.

కొయ్యను పలకకు కలిపే రబ్బరు కీలు తెగినప్పుడు పలక గాలికి విడిగా కొట్టుకుపోతుంది, మీరు చాపతో మిగిలిపోతారు. కనుక ఆ రబ్బరును వంచి పగుళ్లున్నాయేమో ప్రతిసారీ చూడాలి, రబ్బరు తెగినా పలకను పట్టి ఉంచే రక్షణ పట్టీ దాని పక్కన ఉండి తీరాలి. నాలుగు మీటర్ల తాడు, ఈల, నీరు చొరని సంచిలో ఫోను వెంట ఉంచుకోండి. తీర రక్షక దళం నంబరు 1554. ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లండి.

ప్రశ్న: నేను శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటున్నాను. అక్కడి క్రిసీ ఫీల్డ్ తీరంలో విండ్‌సర్ఫింగ్‌కు దిగాలనుకుంటున్నాను. ఎండ బాగానే ఉంది, వెట్‌సూట్ (నీటి చలి నుంచి కాపాడే, ఒంటికి అతుక్కుని ఉండే రబ్బరు దుస్తులు) అవసరమా?
— ఒక పాఠకుడు, కాలిఫోర్నియా

జవాబు: తప్పకుండా అవసరం. ఎండను బట్టి కాక నీటిని బట్టి దుస్తులు వేసుకోవాలి. అక్కడి నీరు వేసవిలో కూడా 15 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగానే ఉంటుంది. అంత చల్లని నీటిలో హఠాత్తుగా పడితే ఊపిరి అదుపు తప్పుతుంది, కొద్దిసేపటికే వేళ్లు బిగుసుకుపోయి తాడు ముడి విప్పడం కూడా చేతకాదు. అంతకంటే ముందు పోటు, పాటు వేళల పట్టిక చూడండి. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నీరు గోల్డెన్ గేట్ వంతెన కింది నుంచి మహాసముద్రంలోకి వేగంగా పారుతుంది, అది పెద్ద ఓడల దారి కూడా. సాయంత్రం గాలి పడిపోయి, అదే వేళకు పాటు కలిసి వస్తుందని పట్టికలో కనబడితే, మీరు ఒక గంట ముందే ఒడ్డున ఉండాలి.